రత్తమ్మగారి నాలుగు గంటలు

మా వీధి చివర కొత్త ఇంటికి గ్రానైట్ పలకలు కోస్తున్నారు. ఇవాళ పొద్దున పాలకి వెళ్తుంటే తడిసిన రాతిపొడి వాసన తగిలి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అది రత్తమ్మగారి చీర వాసన. ఆవిడ మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేసేవారు. కిడ్నీలు చెడిపోయిన భర్త సాంబయ్యగారిని రోజు విడిచి రోజు బస్సులో గుంటూరు తీసుకొచ్చి డయాలసిస్ చేయించేవారు. ఆయన పక్క మంచం నా భార్య సుజాతది. అలా పరిచయం.

మొదట్లో ఆవిడంటే నాకు ఒళ్ళు మండేది. సాంబయ్యగారిని మిషన్‌కి కలపగానే దుప్పటి సర్ది, సిస్టర్‌తో రెండు మాటలు చెప్పి, సంచీ చంకన పెట్టుకుని బయటికి వెళ్ళిపోయేవారు. నాలుగు గంటలూ కనపడేవారు కాదు. నేనేమో స్టూలు మీదనుంచి కదిలేవాణ్ణి కాదు. సుజాత నీళ్ళు కొలిచి తాగాలి గనక నేనూ ఆమె ముందు తాగడం మానేశాను. గడ్డం పెంచాను. హైస్కూలు మాస్టారిని కదా, ప్రేమంటే ఏమిటో నాకే తెలుసనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఆయన్ని వదిలేసి అంతసేపు ఎక్కడికి వెళ్తారండీ?"

"వదిలేసి కాదు మాస్టారూ, అప్పజెప్పి" అన్నారావిడ. "సిస్టర్ దగ్గర నా నంబరుంది. పిలిస్తే పది నిమిషాల్లో వచ్చేంత దూరమే పోతా. ఇంటికెళ్ళాక ఆయన తిండీ నీళ్ళూ మందులూ మళ్ళీ నేనే చూడాలిగా. ఈ నాలుగు గంటలు మాత్రం నావి."

సిగ్గులేని మనిషి అనుకున్నాను.

సూదులు తీశాక రక్తం ఆగేదాకా చేతిమీద దూది నొక్కి పట్టుకోవాలి. ఆ వేళకి ఆవిడ కచ్చితంగా వచ్చేసేవారు. చేతులు కడుక్కుని, భర్త చేతిమీద బొటనవేలు అదిమి, ఆరోజు చూసిందల్లా చెప్పేవారు. గాజుల కొట్లో ఇద్దరు వియ్యపురాళ్ళ పేచీ, పెళ్ళికూతుర్ని గోడెక్కించిన ఫొటోగ్రాఫరు, ఏదైనా సరే. సాంబయ్యగారు కళ్ళు మూసుకుని "ఊఁ, తర్వాత?" అనేవారు. ఇటు నేను సుజాత చెయ్యి నొక్కిపట్టి బరువెంత తగ్గింది, మాత్ర వేసుకున్నావా అని అడిగేవాణ్ణి. సుజాత మొహం ఎప్పుడూ ఆ మంచం వైపే ఉండేది. అది గమనించి నొచ్చుకున్నాను కూడా.

ఒకరోజు ఆస్పత్రికి బయల్దేరే వేళ సుజాత మంచం దిగలేదు.

"ఇక నేను రానండీ."

"నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదు. మీ మొహం అద్దంలో చూసుకున్నారా? నన్ను బతికించడానికి మీరు చచ్చిపోతున్నారు. రోజూ అది చూడడం నావల్ల కాదు."

డయాలసిస్ మానేస్తే ఎన్నాళ్ళుంటుందో ఇద్దరికీ తెలుసు. అరిచాను, తర్వాత బతిమాలాను. ఈ ఒక్కసారికే అంటూ లేచింది. ఆమెను మిషన్‌కి కలిపాక వరండాలో గోడకి చేరగిలబడ్డాను. బయటికి వెళ్తున్న రత్తమ్మగారు ఆగి ఏమైందని అడిగారు. అంతా చెప్పేశాను. ఆవిడ సంచీలోంచి నీళ్ళసీసా తీశారు.

"ముందు తాగండి."

"సుజాత తాగకుండా..."

"మీరు ఎండిపోతే ఆవిడ దాహం తీరుద్దా? తాగండి."

సీసా మొత్తం తాగాను. "ఇప్పుడు బయటికి పోండి. ఇద్దర్నీ నేను చూసుకుంటా. ఉత్త చేతులతో వచ్చినా ఫర్వాలేదు, ఏదో ఒకటి చూసి రండి" అన్నారు. చంకన ఉన్న సంచీ కింద పెట్టి నా స్టూలు మీద కూర్చున్నారు. ఆవిడకున్నవే ఆ నాలుగు గంటలు. తన గురించి నేనేమనుకునేవాణ్ణో తెలిసి కూడా అవి నాకిచ్చారు.

గడ్డం గీయించుకుంటూ మంగలి కుర్చీలోనే నిద్రపోయాను. తిరిగొస్తుంటే నడిరోడ్డుమీద లారీలోంచి ఓ మిరపకాయల టిక్కీ, నిండు బస్తా, పడి పగిలింది. దానిమీదనుంచి చక్రాలు వెళ్ళి ఘాటు లేచింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల నోట్లో పెట్టుకున్నప్పుడల్లా తుమ్ము, తుమ్మినప్పుడల్లా ఈల మోత. బళ్ళన్నీ ఎటు వెళ్ళాలో తెలియక ఆగిపోయాయి. దూది అదిమి పట్టుకుని అదంతా సుజాతకి చెప్పాను. పడీపడీ నవ్వింది. చెయ్యి కదపొద్దని సిస్టర్ కేకలేసింది. ఆ తర్వాతిసారి నేను చెప్పులేసుకునేలోపే గుమ్మంలో నిలబడి ఉంది.

మూడేళ్ళకి సాంబయ్యగారు పోయారు. మార్టూరు వెళ్ళాను. అడగకూడదని తెలిసీ అడిగాను. నాకూ ఆ రోజు రావచ్చు మరి.

"ఆయన దగ్గర ఇంకాస్తసేపు కూర్చుని ఉండాల్సింది అనిపిస్తుందా అండీ?"

"లేదు మాస్టారూ. పదకొండేళ్ళు చూశాను. ఎప్పుడు పోతాడా అని ఒక్కరోజు కూడా అనుకోలా. ఆ నాలుగు గంటలు లేకపోతే అనుకునేదాన్నేమో."

"నేను అనుకున్నానండీ. ఆ స్టూలు మీద కూర్చుని, ఒకసారి" అన్నాను. అంతకుముందు ఎవరితోనూ అనని మాట.

"తెలుసు" అన్నారావిడ. "మీ మొహంలో కనపడింది. సుజాతమ్మకీ కనపడే ఉంటుంది. అందుకే ఆరోజు రానని అని ఉంటుంది."

ఆ తర్వాత మళ్ళీ ఎన్నడూ అలా అనుకోలేదు. ఇవాళా సుజాతకి డయాలసిస్. మిషన్‌కి కలిపాక దుప్పటి సర్ది, సిస్టర్‌కి చెప్పి బయటికి వచ్చాను.