టేపు తిరిగినంత సేపు

"నాయిన పోయిండు సార్" అని మా ఇంటి ఓనరు గారి కూతురు ఫోన్ చేసినప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఉన్నాను. ఒంట్లో బాగాలేక రెండు నెలలుగా ఆయన హయత్‌నగర్‌లో ఆమె దగ్గరే ఉంటున్నారు. నయమై వస్తారనుకుని పై పోర్షను మెట్లు నేనే ఊడుస్తున్నాను. "ఎప్పుడమ్మా" అని అడిగాను. ఎల్‌బీ నగర్ బస్సులు రెండు నా ముందే వెళ్లిపోయాయి.

ఆయన నల్గొండ దగ్గరి పల్లెటూరి మనిషి. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి చాలా ఏళ్లయింది. పై గదిలో గోడ పొడవునా పాటల క్యాసెట్లు, సినిమా డిస్కులు. అన్నీ డ్యూటీ దిగాక దిల్‌సుఖ్‌నగర్‌లో కొనుక్కున్నవే. టేపులకు బూజు పడుతోందని, డిస్కులకు గీతలు పడుతున్నాయని ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవారు. కాలనీ వాళ్లు పెన్‌డ్రైవులు పట్టుకుని వస్తే మాత్రం ససేమిరా అనేవారు. పిసినారి అన్న పేరు కూడా వచ్చింది.

"నేను కొనుక్కున్న, నేను ఇనేటందుకు ఎక్కిచ్చుకుంటున్న. ఊరందరికి పంచేటందుకు ఆ పాటలు నేను పాడిన్నా?" అనేవారు. టికెట్ లేనివాళ్లను బస్సులోంచి దించీ దించీ వచ్చిన బుద్ధి అది.

నేను గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతున్నవాణ్ణి. నోరు అమ్ముకుని బతికే వృత్తి. మా ఆవిడ పోయాక ఆ నోరు క్లాసు దాటగానే మూతపడిపోయేది. జనం ఊరుకోరు కదా. వంట ఎవరు చేస్తున్నారు, నిద్ర పడుతోందా, ఒక్కరే ఎలా ఉంటున్నారు అని ఎదురైన ప్రతివాళ్లూ అడిగేవారు. ప్రేమతోనే అడిగేవారు. జవాబులు చెప్పలేక నేను సందు మార్చి నడిచేవాణ్ణి.

ఒకరోజు మా ఆవిడ క్యాసెట్ల అట్టపెట్టె పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. పెళ్లికి ముందు తను కొనుక్కున్నవి. మా టేప్‌రికార్డరు ఎప్పుడో పాడైంది. ఆయన ఒక్కో క్యాసెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఆదివారం ఆదివారం రాండ్రి సారూ, ఒక్కొక్కటే ఎక్కిద్దాం. గని ఒక్కటే షరతు. టేపు తిరిగినంత సేపు నోరు తెరవొద్దు. మన మాటలు గూడ దాంట్ల పడ్తయి."

గంట క్యాసెట్‌ను కాపీ చేయాలంటే గంటా కూర్చోవాల్సిందే, తొందరపెట్టేందుకు లేదు. ఆయన మంచం మీద, నేను ప్లాస్టిక్ కుర్చీలో, మధ్యలో కంప్యూటర్‌కి వైరు తగిలించిన టేప్ డెక్కు. ఒక ఆదివారం మధ్యాహ్నం, తను వంటింట్లో పాడుకునే పాట వచ్చింది. చప్పుడు కాకుండా ఏడవాలని కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. టేపు ఆగాక టీ పెట్టి తెచ్చి, సాఫ్‌గా వచ్చిందని మాత్రం అన్నారు.

దినాలయ్యాక ఆయన కూతురు ఆ టేప్ డెక్కు, వైరు తెచ్చి నా చేతికిచ్చింది. సారువి ఇంకా రెండు మిగిలాయి, ఇది ఆయనకే ఇయ్యి అని చెప్పారట.

నా ల్యాప్‌టాప్‌కి వైరు తగిలించి మొదటిది పెట్టాను. పొయ్యి మీద కుక్కర్ సంగతి మర్చిపోయాను. పాట మధ్యలో అది వరసగా ఐదు కూతలు కూసింది. నన్ను నేను పైకే తిట్టుకున్నాను. ఎంత పాడైందో చూద్దామని తిరిగి విన్నాను. కూతలు లేవు, నా తిట్లూ లేవు. వైరులోంచి పోయేది టేపులోని పాటే, గదిలోని చప్పుడు కాదు. లెక్కల మాస్టారికి ఇన్నాళ్లూ ఆ మాత్రం తట్టలేదు.

ఆమెకు ఫోన్ చేసి, నాన్నగారికి ఈ సంగతి తెలియదా అని అడిగాను.

"ఎందుకు తెల్వదు సార్? నాతోని ఫోన్ల ముచ్చట పెట్టుకుంటనే ఎక్కిచ్చేటోడు. మీరొచ్చే టైముకు మాత్రం ఫోన్ చెయ్యొద్దనేటోడు."

అందరూ నన్ను మాట్లాడించి ఓదార్చాలని చూశారు. మాట్లాడనక్కర్లేని గంట ఒకటి నాకు కావాలని ఆయనకొక్కరికే తోచింది. ముందే తెలిసి ఉంటే ఒక్కసారైనా ఆ చేతులు పట్టుకునేవాణ్ణి. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. ఆ పాటల వెనక ఎక్కడో ఒకచోట ఆయన దగ్గు, గొంతు సవరింపు పడి ఉంటాయని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాను. ఆయన గొంతు నా దగ్గర ఎక్కడా లేదు.

నిన్న ఆదివారం ఆఖరి క్యాసెట్ పెట్టాను. మాట్లాడినా పడదని తెలుసు. అయినా నోరు తెరవలేదు. ఒకవైపు అయిపోయి బటన్ టక్కున పైకి లేచింది. రెండో వైపు తిప్పడానికి ఆయన లేస్తారని, నేను కుర్చీలో అలాగే కూర్చున్నాను.