దాల్చినచెక్క నూనె సీసా మీద నా తెలుగు

చేతిలో డిగ్రీ తప్ప మరేమీ లేని ఆ రోజుల్లో, లోకానికి నా అవసరం చాలా ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. బిలాస్‌పూర్‌లో ఆ అవసరాన్ని మొదట కనిపెట్టింది దయాల్‌బంద్‌ బజారులో ఒంటికి రాసుకునే సుగంధ తైలాలు అమ్మే సేఠ్‌జీ. ప్రతి సీసా మీదా పెద్ద గులాబీ బొమ్మ (లోపలున్నది దాల్చినచెక్క నూనె అయినా సరే), దాని కింద 'పూర్తిగా సురక్షితం' అని హిందీలో. వెనకవైపు జాగ్రత్తలు రాయడం నా ఉద్యోగం. శ్రద్ధగా హిందీలో రాసుకెళ్తే ఆయన ముఖం చిన్నబోయింది. "అరే బేటా, ఇది చదివాక ఎవరు కొంటారు? తెలుగులో రాసెయ్. రాసినట్టూ ఉంటుంది, ఎవరూ భయపడరు," అన్నారు. మా రైల్వే క్వార్టర్లలోని తెలుగు ఇళ్లలో నా ఈడువాళ్లకు తెలుగు చదవడం రాదని ఆయనకు బాగా తెలుసు. నాకు వచ్చిందంటే అది మా పెద్దమ్మ చలవ. వరండా గచ్చు మీద సుద్దముక్కతో, చెవి మెలిపెట్టి మరీ నేర్పింది.

అచ్చులో నా తెలుగు! ఉత్సాహం ఆగలేదు. 'కొబ్బరినూనెలో బాగా పలచన చేయకుండా చర్మానికి రాయరాదు. ముందుగా మోచేతి లోపల కొద్దిగా రాసి ఒక రోజు చూడవలెను' అని రాశాను. సేఠ్‌జీ ఆ అక్షరాలను చీమలబారంత సన్నగా కుదించి, మిగిలిన జాగాలో గులాబీని ఇంకాస్త పెంచారు.

మొదటి సీసా పెద్దమ్మకే ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గరికెళ్లి, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎంత బాగా రాసావురా నాన్నా! ఒక్క తప్పు నేదు!" అంది. పక్క క్వార్టర్లవాళ్లందరికీ చూపించి వచ్చింది. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మర్నాడు దుకాణంలో ఉండగా పెద్దమ్మ ఫోను. "ఒరే, మోకాళ్లు మండిపోతన్నాయి, బేగి రా!" వెళ్లి చూస్తే రెండు మోకాళ్లూ ఎర్రగా కమిలి పొక్కులెక్కి ఉన్నాయి. సీసాలో సగం అలాగే మర్దనా చేసుకుని, పైన ఉన్నిగుడ్డ కట్టుకుంది. డాక్టరు ఆవిడకు మందిచ్చి, నాకు చీవాట్లు పెట్టాడు.

"కొబ్బరినూనెలో కలపమని రాశాను కదా పెద్దమ్మా! ఒక్క తప్పూ లేదన్నావు!"

పెద్దమ్మ గోడవైపు తిరిగింది. "అచ్చరాలు కనపడ్నేదురా. నీకు సదువు నేర్పినదాన్ని, నువ్వు రాసింది సదవలేనంటే నీ మనసేటవుద్ది?"

నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే దుకాణానికెళ్లి, 'కలపకుండా రాస్తే ఒళ్లు కాలుతుంది' అని హిందీలో, తెలుగులో లావుపాటి అక్షరాలతో చీటీలు రాసి, అన్ని గులాబీల మీదా అంటించేశాను. మధ్యాహ్నానికి ఉద్యోగం ఊడింది. చీటీ అంటించిన సీసా ఒకటి తెచ్చి పెద్దమ్మకు చూపించాను. మంచం మీంచే, కళ్లద్దాలు లేకుండానే, గడగడా చదివేసింది. "అచ్ఛా, ఇప్పుడు బాగా కనపడతన్నాయి. గానీ, ఇలగ రాస్తే ఎవులు కొంటార్రా?" అంది.

ఇప్పుడు నాకూ కళ్లద్దాలొచ్చాయి. ఆఫీసులో నేను రాసిన కాగితం చూసి ఎవరైనా బాగుందంటే, "కనపడిందా అండీ?" అని అడుగుతాను. వాళ్లు నవ్వుతారు. ఒక్క తప్పూ లేదంటే నమ్మేసి పొంగిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నేనూ నవ్వుతాను.