దొరగారి అడ్డుపుల్ల

బండి చక్రం గుంటలో దిగబడి, కాడి తాడు పుటుక్కున తెగిన చోటే వాళ్లిద్దరికీ పరిచయం. బండిలో ఉన్నది కొత్తగా సముద్రం దాటి వచ్చిన పాదిరి దొర, పెట్టెడు సువార్త పుస్తకాలతో. ఎదురుపడ్డవాడు, చుట్ట చుట్టిన సరుకు భుజాన వేసుకుని సంతకు పోతున్న తాళ్లు పేనేవాడు. తెగిన తాటికి ముడి వేస్తూ ఊరికే ఉండలేక, ఎక్కడికి, ఎందుకని అడిగాడు. దొర తన దేవుడి సంగతి చెప్పాడు. ఇతను కాదన్నాడు. దొర ఔనన్నాడు. ముడి బిగిసేసరికి దారిన పోయేవాళ్లంతా చుట్టూ మూగారు.

దొరకు కళ్లు చెమర్చాయి. అప్పటిదాకా ఆయన బోధ ఓపిగ్గా విన్నవి ఆ బండి ఎడ్లు మాత్రమే.

లోకంలో ఏ మూలకు పోయినా ఇదే వరస. ఉపదేశమంటే జనం తప్పుకుపోతారు, తగవంటే పనులు మానుకుని వస్తారు. ఆ కాలపు పాదిరీల్లో కొందరు మందులిచ్చారు, కొందరు బడులు పెట్టారు, కొందరు అచ్చుయంత్రాలు మోయించుకొచ్చారు. ఈ దొరకు దొరికింది మాత్రం ఈ మనిషి. ప్రతి సంతలోనూ ఆయన నోరు తెరవడం, ఇతను అడ్డం తగలడం. ఊరు ఇతనికి ‘అడ్డుపుల్ల’ అని పేరు పెట్టింది. ఇంట్లో ఊ అనడానికి బద్ధకం, బజార్లో మాత్రం ప్లీడరని పెళ్లాం దెప్పేది.

తాడు పేనేవాడు పురి ఎక్కిస్తూ వెనక్కి నడవాలి. పగలంతా అలా నడుస్తూనే ప్రశ్నలు అల్లుకునేవాడు. ఒకనాడు జనాన్ని నవ్విద్దామనే అడిగాడు:

“మాటామాటా వచ్చి విడిపోయాం, మా తమ్ముడు అలాగే పోయాడు. మీ పరలోకంలోనైనా వాడు నాతో మాట్లాడతాడాండీ?”

దొర సంతను మరచిపోయాడు. బండి అంచున కూర్చుని, ఒకే తండ్రి ఇంట్లో పక్కపక్కన కూర్చున్నాక ఎన్నాళ్లని మాట్లాడకుండా ఉంటారని మెల్లగా అన్నాడు. ఇవాళ పస లేదనుకుంటూ జనం వెళ్లిపోయారు. అడ్డుపుల్ల కదల్లేదు.

మర్నాడే వెళ్లి, తననూ ఏట్లో ముంచి బాప్తిస్మం ఇమ్మని అడిగాడు. దొర కౌగిలించుకున్నాడు. ఆ వెంటనే ఆయన ముఖం పాలిపోయింది.

“నువ్విటు వచ్చేస్తే అటు ఎవరుంటారోయ్?”

వానలు పోనీ అన్నాడు, కోతలు కానీ అన్నాడు. బదులుగా ఇతని బావమరిదిని నిలబెట్టి చూశారు. అతగాడు మొహమాటస్థుడు, దొర చెప్పిన ప్రతిదానికీ నిజమే కదండీ అని తలూపేశాడు. జనం చెదిరిపోయారు. బాప్తిస్మం మళ్లీ వాయిదా పడింది. తమ్ముడు గుర్తొచ్చిన రోజున అడ్డుపుల్ల చేతిలో పురి నిలిచేది కాదు.

చివరికొక సంతలో, జనం తగవు కోసం కాచుకుని ఉండగా, అతను లేచి నిలబడ్డాడు.

“దొరగారు చెప్పింది నేనొప్పుకుంటున్నాను.”

గొడుగులు బాగుచేసేవాడు ఉమ్మేసి లేచాడు. అతని వెనకే మిగతావాళ్లూ లేవబోయారు. దొర గభాల్న అడ్డం తగిలాడు.

“ఎలా ఒప్పుకుంటావు? చూసొచ్చావా?” అనేశాడు.

లేచినవాళ్లు కూర్చున్నారు. అడ్డుపుల్ల నిదానంగా జవాబిచ్చాడు. దొర ఇంకోటి అడిగాడు. ఇన్నాళ్లూ ఇతని చేతిలో తిన్న ప్రశ్నలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. దేవుడు కనబడడేమన్నాడు, మంచివాళ్లకే కష్టాలేమన్నాడు. పిల్లలు గోడలెక్కారు. దొరను వదలొద్దని సంతంతా అడ్డుపుల్లను ఎగదోసింది. అతను వదల్లేదు, పాదిరిని సువార్తతోనే నోరు మూయించాడు.

జనం పోయాక దొర ముఖం వెలిగిపోతోంది.

“మరి నా బాప్తిస్మమండీ?”

“ఎక్కడికి పోతుందిలే! వచ్చే సంతకూ ఇలాగే నిలబడు. నరకం సంగతి నేనింకా ఎత్తనేలేదు.”

అడ్డుపుల్ల తాళ్ల చుట్ట భుజానికెత్తుకున్నాడు. దొర నరకం మీద మొదటి ప్రశ్న కూర్చుకుని, ఇదెలా ఉందోయ్ అంటూ తలెత్తేసరికి, అతను ఏటి దారి పట్టి చాలా దూరం వెళ్లిపోయాడు.