చాటింపు బ్లాగు

ఇంటర్నెట్ వచ్చి నోరు లేనివాళ్లకు నోరిచ్చిందని సభల్లో శాలువాలు కప్పుకున్నవాళ్లు చెబుతుంటారు. బాలమల్లు ఇంట్లో నోటికి ఎన్నడూ కరువు లేదు. వాళ్ల నాయిన గౌరయ్య డప్పు మీద దెబ్బ వేసి గొంతెత్తితే ఊరి ఆ కొసన నిద్రపోతున్నవాడు లేచి కూర్చునేవాడు. బతుకంతా ఊరి చాటింపు వేశాడాయన. పన్ను కట్టమని, పోలియో చుక్కలు వేయించమని, గ్రామసభకు రమ్మని, ఫలానా ఇంట్లో చావు అయిందని. నోరు ఆయనదే. అందులోని మాట ఒక్కటీ ఆయనది కాదు. కొడుకుకు చిక్కంతా ఇక్కడే వచ్చింది.

ఊరు తూంకుంట నుంచి దేవరయాంజాల్ వైపు మళ్లే దారిలో ఉంది. అసలు పేరు అక్కర్లేదు. పక్కన ఎర్రకుంట అనే చిన్న కుంట ఉండేది కాబట్టి ఊరిని కూడా ఎర్రకుంటే అందాం. బాలమల్లు ఇంటర్ తప్పి, మేడ్చల్‌లో డీటీపీ నేర్చుకుని, శామీర్‌పేట చౌరస్తాలో తమ ఊరి షుకూర్ నడిపే ఇంటర్నెట్, జిరాక్స్ సెంటర్లో పనికి కుదిరాడు. పెళ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, వినాయక చవితికి కుర్రాళ్ల ముఖాలతో ఫ్లెక్సీలు. వాటి మధ్య ఖాళీ దొరికినప్పుడు, 2007లో, ఒక బ్లాగు తెరిచాడు. ‘ఎర్రకుంట ముచ్చట్లు’ అని పేరు పెట్టాడు. తన పేరు ఎక్కడా పెట్టలేదు.

అందులో గొప్ప సంగతులేవీ ఉండేవి కావు. బోరు మోటరు కాలిపోయింది, యాదగిరి బర్రె తప్పిపోయి దొరికింది, పదో తరగతి ఎవరు పాసయ్యారు, పొద్దటి బస్సు ఇక రాదు. షార్జాలో, దుబాయిలో పనిచేసే ఊరి కుర్రాళ్లు చదివేవాళ్లు. కండ్లకోయ ఇంజనీరింగ్ కాలేజీలో చదివే పిల్లలు ల్యాబులో పాఠం వదిలేసి చదివేవాళ్లు. బ్లాగులో రాసే ప్రతి టపా ఒకే రకంగా మొదలయ్యేది. ‘కింది వాడ, గౌండ్ల వాడ, దూదేకుల గల్లీ, నడి బజారు, పై వాడ యావన్మందికీ తెలియజేయునది ఏమనగా’ అని. ఊరితో మాట్లాడాలంటే వేరే ఎలా మొదలుపెట్టాలో అతనికి తెలియదు.

చావు కబుర్లు కూడా రాసేవాడు. వాటికి నాయిన దగ్గర ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్ల పేరు, ఇంటి పేరు, ఎప్పుడు ఎత్తుతారు. అంతే. ‘ఎట్ల పోయిండ్రో ఇంటోళ్లు జెప్పుకుంటరు, డప్పుకు గా పని లేదు’ అనేవాడు గౌరయ్య.

2008 ఎండాకాలం మొదట్లో రుక్కమ్మ పోయింది. ఆకుకూరలు అమ్ముకునే ముసలామె. పొద్దున్నే కుంట గట్టు మీద కూర కోసుకుంటుంటే, కుంటలో మన్ను పోస్తున్న టిప్పరు చూసుకోకుండా వెనక్కి వచ్చింది. టిప్పరు రవీందర్‌ది. అతను మాజీ సర్పంచ్ తమ్ముడు. కుంటను పూడ్చి ప్లాట్లు చేస్తున్నదీ అతనే. మధ్యాహ్నానికి పెద్దమనుషులు కూర్చున్నారు. రుక్కమ్మ కొడుకు తల వంచుకుని విన్నాడు. ముసలామె గట్టు మీంచి జారి పడిందని తేలింది. ఊళ్లలో నిజాలు ఇలా తేలుతుంటాయి, తీరిగ్గా, వేపచెట్టు నీడన, అందరి ఆమోదంతో.

గౌరయ్య పద్ధతి ప్రకారమే చాటాడు. బాలమల్లు కూడా ఆ మాటలే బ్లాగులో పెట్టి, చివర ఒక వాక్యం కలిపాడు. ‘కుంటలో మన్ను పోస్తున్న టిప్పరు వెనక్కి వచ్చి తగిలింది.’

పనికి పోతూ సైకిలు మీంచి చూశాడు, చూసింది రాశాడు. ధైర్యం అనే మాట తర్వాత ఎవరెవరో తగిలించారు. రాసేటప్పుడు అతనికి ధైర్యమూ లేదు, భయమూ లేదు. భయం మర్నాడు వచ్చింది.

టపా కింద ‘అజ్ఞాత’ పేరుతో ఒక వ్యాఖ్య ఉంది. ‘మల్లన్నా, బర్రెల ముచ్చట రాసుకోరాదు.’

పేరు చూసి బాలమల్లు తన టపాలన్నీ తిరగేశాడు. తన పేరు వీడికెలా తెలిసింది? ఊహించి ఉంటాడులే అని సర్దిచెప్పుకున్నాడు. ఆ మర్నాడు ఇంకొకటి వచ్చింది. ‘నిన్న పుంటికూర కారం ఎక్కువైందట గదా.’

కూర నిజంగానే కారమైంది. ఇంటికి పోయి పెళ్లాం యాదమ్మను నిలబెట్టి అడిగాడు.

“కూర ముచ్చట ఎవలికి జెప్పినవు?”

“కూర కారమైతే గూడ కేసయితదా? నల్లా కాడ అన్న. మస్తుమంది ఉండ్రి.”

“ఎవలెవలు?”

“ఎవలెవలేంది. ఊరు.”

మూడో వ్యాఖ్య వచ్చాక అతనికి అన్నం సయించలేదు. ‘భవిత పసుపు రిబ్బను మంచిగుంది. ఆటోల అంచుకు కూసుంటది. పడ్తది, జెర జెప్పు.’

భవిత వాళ్ల బిడ్డ. రెండో తరగతి. తూంకుంట బడికి పిల్లల ఆటోలో పోతుంది. బాలమల్లు ఆ వ్యాఖ్యను తీసేశాడు. తీసేసినంత మాత్రాన చదివింది పోదు కదా. మర్నాటి నుంచి ఆటో వెనక సైకిలు తొక్కడం మొదలుపెట్టాడు. ఆటోవాడు అద్దంలో చూసి నవ్వితే ఆ నవ్వును కూడా అనుమానించాడు. దుకాణంలో అయితే నరకమే. ప్లైవుడ్ చెక్కల వెనక క్యాబిన్లలో కీబోర్డు టకటకలాడిన ప్రతిసారీ, తన బ్లాగు తెరిచి కొత్త వ్యాఖ్య వచ్చిందా అని చూసేవాడు. దుబాయికి ఉత్తరం రాస్తున్న ముసలాయన దగ్గినా ఉలిక్కిపడేవాడు. భయం అంటే పులి ఎదురుపడటం అనుకుంటాం. పులి అయితే ఒకటే ఉంటుంది. ఇక్కడ సలాం కొట్టిన ప్రతివాడూ అయ్యుండొచ్చు.

చివరికి షుకూర్‌ను అడిగాడు.

“భాయ్, మూల క్యాబిన్‌ల రోజు ఎవలు కూసుంటున్నరు?”

“పైసలిచ్చేటోడు.”

“నా బ్లాగుల రాసేటోడు ఎవడో నీకు ఎర్కనా?”

షుకూర్ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “ఎర్కనే. గని చెప్ప.”

“ఎందుకు భాయ్?”

“చెప్తే రేపటి సంది ఆనికి సలాం కొట్టవు. సలాం మానేస్తే ఆనికి సమజయితది. అప్పుడు నీ బిడ్డకు పరేషాన్, నా దుకాణానికి పరేషాన్. సల్లారుతాంది, చాయ్ తాగు.”

“నేనే రాస్తున్నట్టు ఎట్ల తెల్సింది ఆనికి? పేరు యాడ గూడ పెట్టలె.”

షుకూర్‌కు నవ్వాగలేదు. “పేరెందుకురా దివానా? మా అమ్మీకి సదువు రాదు. ఒక దినం నీ బ్లాగు పైకి సదివిన. కింది వాడ, గౌండ్ల వాడ, దూదేకుల గల్లీ అనంగనే, ‘గౌరయ్య గదా’ అన్నది. మీ నాయిన డప్పు వట్టుకోని తిరిగే తొవ్వ అది. గా వరుసల ఊర్ల ఇంకెవడు తిరిగిండు?”

“ఎప్పుడన్నది?”

“నువ్వు రాసుడు మొదలువెట్టిన నాడే.”

అంటే ఏడాదిగా ఊరందరికీ తెలుసు. ఎదురుపడి ‘మంచిగున్నవా’ అన్నవాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ అనలేదు. ఊరంతా ఒక కుటుంబమని అంటుంటారు. నిజమే కావచ్చు. ఇంత పకడ్బందీగా నోరు మూసుకోవడం కుటుంబాల్లోనే చూస్తాం.

ఆ వారమే రవీందర్ దుకాణానికి వచ్చాడు. పట్టపగలు, ఒక్కడే. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఏం మల్లు, మంచిదేనా? బిడ్డ ఏ క్లాసు?”

“రెండు, అన్నా.”

“సదివించు. ఆడివిల్ల సదువుకోవాలె.” చాయ్ తెప్పించాడు. తాగాడు. “రుక్కమ్మ గురించి ఏదో రాసినవంట.”

“తీసెయ్యమంటవా అన్నా?”

“తీసుడెందుకు? తీస్తే దాసిపెట్టినట్టయితది. ఇంకోటి ఎయ్యి. ముసల్దానికి గుండె ఆగింది, గట్టు మీద పడ్డది అని.”

“నేను సూసిన అన్నా.”

“సూసుడు నీ పనారా?” రవీందర్ గొంతు పెంచలేదు. “మీ నాయిన ఎన్నడన్న నేను సూసిన అని చాటిండా? పటేల్ సాబ్ హుకుం ప్రకారం, సర్పంచ్ సాబ్ హుకుం ప్రకారం. గట్ల గదా మొదలువెట్టేటిది?”

“గట్లనే.”

“నువ్వు గూడ గట్లనే ఎయ్యి. నా పేరు వెట్టు. మా అన్న సర్పంచ్ ఉన్నన్ని రోజులు ఆయన పేరే మోగింది. నా పేరు మీద ఒక్క చాటింపు పడలె.”

బాలమల్లు టైపు చేశాడు. ‘శ్రీ రవీందర్ గారి హుకుం ప్రకారం యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, రుక్కమ్మ గుండె ఆగి చనిపోయినది.’ రవీందర్ వెనక నిలబడి, పెదాలు కదుపుతూ చదివాడు.

“పేరు జెర లావుగ చెయ్యి.”

లావుగా చేశాడు. రవీందర్ భుజం తట్టి పోయాడు.

బాలమల్లు ఎత్తు వేశాడని తర్వాత కొందరు కథలు చెప్పారు. అతని తలలో ఏ ఎత్తూ లేదు. బిడ్డ రిబ్బను తప్ప మరేదీ లేదు. చెప్పింది కొట్టాడు, అంతే. కానీ ఆ సాయంత్రానికి వ్యాఖ్యలు రావడం మొదలైంది. మొదటిది రుక్కమ్మ మనవడు రమేష్ షార్జా నుంచి రాసినది. ‘ఒకని హుకుం మీద ఆగే గుండె గాదు మా అవ్వది.’ తర్వాత కాలేజీ పిల్లలు అందుకున్నారు. ‘రవీందరన్నా, మా లెక్చరరు ఆగుతలేడు, జెర హుకుం ఎయ్యి.’ ‘అన్నా, మా ఊర్ల కరెంటు ఆగింది, నీ హుకుమేనా?’

ఊరు నవ్వింది, లోపల లోపల. ఎదురుపడినవాడు కళ్లతో నవ్వి పోయేవాడు. బాలమల్లుకు మాత్రం ఒక్కొక్క జోకూ ఒక్కొక్క రాయిలా వచ్చి తగిలేది. రవీందర్‌కు ఇంటర్నెట్ తెలియదు. ఎవరో ఒకరు పోయి చెప్పాలి. రేపు చెబుతారు, ఎల్లుండి చెబుతారు అని ఎదురుచూశాడు. ఎవరూ చెప్పలేదు. ఆ మాట మోసుకుపోయినవాడి చెంపే ముందు పగులుతుందని అందరికీ తెలుసు. బిడ్డ రిబ్బను గురించి రాసిన అజ్ఞాత కూడా చప్పుడు చేయలేదు. రవీందర్ ఎప్పట్లాగే కనిపించినప్పుడల్లా ‘బిడ్డ మంచిగుందా’ అని అడిగేవాడు. ఆ ఆప్యాయతకు బాలమల్లు ఒళ్లు చల్లబడేది.

వానలు మొదలయ్యే ముందు రవీందర్ మళ్లీ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“ఇంట్ల కంప్యూటర్ దెచ్చిన మల్లు. నెట్టు గూడ వచ్చింది. ఐతారం నువ్వే వచ్చి సూపియ్యాలె. ముందుగాల మన చాటింపే సూద్దాం.”

గౌరయ్యను అడిగితే, “తీసెయ్‌రా, కాళ్లు మొక్కు” అన్నాడు. జీవితమంతా ఆయనకు పనిచేసిన ఉపాయం అది. బాలమల్లు దుకాణానికి పోయి టపాలను తీసేయబోయాడు. నిజంగా తొలగించాలా అని కంప్యూటరు అడిగింది. ఇన్నాళ్లలో అతన్ని ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగింది అదొక్కటే. తీసేస్తే రుక్కమ్మ ఎలా పోయిందో చెప్పే వాక్యం ఇక ఎక్కడా ఉండదు. వద్దు అన్నదాని మీద నొక్కి లేచాడు.

శనివారం యాదమ్మను, బిడ్డను మేడ్చల్‌లో ఆమె పుట్టింటికి పంపాడు. “ఎన్ని రోజులు?” అంది యాదమ్మ. “జల్దీ నడువు, బస్సు పోతది” అన్నాడు.

ఆదివారం రవీందర్ ఇంటికి పోయి, తన చేత్తోనే బ్లాగు తెరిచి, పక్కకు జరిగి నిలబడ్డాడు. రవీందర్ తన పేరు చూసుకుని నవ్వాడు. కిందికి పోయాడు. పెదాలు కదులుతున్నాయి. షార్జా వ్యాఖ్య దగ్గర ఆగిపోయాయి. తర్వాత మిగతావన్నీ చదివాడు, ఒక్కటీ వదలకుండా.

“ఊరందరికి ఎర్కనా?”

“ఎర్కనే.”

“నాకు ఒక్కడు గూడ జెప్పలె.”

“నాకు గూడ జెప్పలె అన్నా.”

రవీందర్ తెర వైపు నుంచి తల తిప్పకుండానే అడిగాడు. “టిప్పరు తగిలింది నువ్వు సూసినవా?”

“సూసిన.”

ఆ మాట అతన్ని ఒక మనిషి అడగడం, అతను నోటితో జవాబు చెప్పడం, అదే మొదలు.

“సరే” అన్నాడు రవీందర్. “ఇగ పో.”

బాలమల్లు బయటికి వచ్చి సైకిలు అక్కడే వదిలేసి మేడ్చల్ ఆటోల వైపు నడిచాడు. దారిలో యాదమ్మ ఫోన్ చేసింది.

“ఏమన్నడు?”

“సరే అన్నడు.”

“సరే అంటే?”

“ఎర్క లేదు. నేను వస్తున్న. అందాక బిడ్డను గడప దాటనియ్యకు.”