ఎర్తు అడిగే పెట్టె

ఆయన్ని అందరూ ఎర్తు మేస్త్రి అనే పిలుస్తారు. అసలు పేరు లైసెన్సు కార్డు మీద ఎక్కడో ఉంటుంది, దాన్ని చదివినవాళ్లు లేరు. ఫ్యాను తిరగడం లేదని పిలిచినా, బల్బు మాడిపోయిందని పిలిచినా, గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆయన అడిగే మొదటి మాట ఒక్కటే: "మీ ఇంట్లో ఎర్తు ఉందా?"

ఆ మాట దగ్గరే జనానికీ ఆయనకీ పేచీ. ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది చూడండి, దాన్ని జనం "ఎర్తు వస్తోంది" అంటారు. అది చెవిన పడితే చాలు, మేస్త్రికి ఒళ్లు మండిపోయేది. "ఎర్తు రావడం కాదమ్మా, ఎర్తు లేకపోవడం! ఎర్తుంటే ఆ కరెంటు నేల్లోకి పోతుంది, నీ ఒంట్లోకి రాదు. దొంగని పట్టుకునేవాణ్ణి పట్టుకుని దొంగ దొంగ అంటారేంటి?" అని నిచ్చెన మీద నుంచే పాఠం చెప్పేవాడు. పాతికేళ్లుగా చెబుతున్నాడు. జనం తలూపి, టీ ఇచ్చి పంపి, మర్నాడు మళ్లీ "ఎర్తు వస్తోంది" అనేవారు. ఆయన పెళ్లాం కూడా అలాగే అంటుంది. ఇంక ఎవరికి చెప్పుకుంటాడు?

మేస్త్రికి ఒక్కతే అక్క. ఊరి చివర మూడు గదుల ఇల్లు, వెనక రాళ్లు పరిచిన పెరడు. ఇరవై ఆరేళ్ల కిందట ఒకరి కింద పని మానేసి, సొంతంగా వైరింగు చేసిన మొదటి ఇల్లు అదే. బావ తపాలా ఆఫీసులో గుమాస్తా. నిక్షేపంలా ఉన్న మనిషి పదకొండేళ్ల కిందట ఒక చలికాలం పొద్దున స్నానానికి వెళ్లి ఇంక బయటికి రాలేదు. ఇరుగుపొరుగు వచ్చి తలుపు పగలగొట్టేసరికి కుళాయి కింద పడి ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. యాభై దాటిన మగవాడు స్నానాల గదిలో పడిపోతే గుండె కాక ఇంకేమంటారు? అందరూ నమ్మారు. అప్పటి నుంచి అక్కా, ఆమె కూతురూ ఆ ఇంట్లో ఉంటున్నారు.

మేనకోడలు ఇంటింటికీ తిరిగి, కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లకి వ్యాయామం చేయిస్తుంది. రోజుకి ఏడెనిమిది ఇళ్లు. బస్సులెక్కీ దిగీ నడుం పడిపోతోందని ఈమధ్యే చిన్న ఎలక్ట్రిక్ కారు కొంది. చార్జింగు స్టేషనులో గంటసేపు వరసలో నిలబెడుతున్నారట. ఇంట్లోనే చార్జరు పెట్టించాలి. "నువ్వే ఎంచి, నువ్వే బిగించాలి మావయ్యా. ఇంకెవర్నీ పిలవను," అంది. ఆ మాటకి మేస్త్రి ఎంత పొంగిపోయాడో! ఈమధ్య పనులన్నీ కంపెనీల కుర్రాళ్లు ఎగరేసుకుపోతున్నారు, కళ్లద్దాల మేస్త్రిని పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

పనికి ముందురోజు వెళ్లి కారు ఎక్కడ నిలుస్తుందో సుద్దముక్కతో గీతలు గీశాడు. చార్జింగు మూత ముందువైపు ఎడమన ఉంది. గోడ నుంచి అక్కడికి టేపు పట్టి కొలిచాడు: కేబులు అయిదు మీటర్లైతే చాలు. ఇంటికి ఉన్నది ఒకటే ఫేజు. ఆ కారు ఎంత కరెంటు తాగగలదో పుస్తకంలో చదివి, అంతకు మించిన పెట్టె దండగని తేల్చేశాడు. తర్వాత మేనకోడల్ని వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్లాడు.

కొట్టువాడు రెండు పెట్టెలు ముందు పెట్టాడు. "ఇది తీసుకోండి సార్. ఏ గొడవా ఉండదు. ఎర్తున్నా లేకపోయినా పట్టించుకోదు, తగిలిస్తే చార్జింగు ఎక్కేస్తుంది."

"మరి అది?"

"అది కాస్త చాదస్తం సార్. ముందు ఎర్తు చూసుకుంటుంది. సరిగ్గా లేకపోతే ఎర్రలైటు వేసుకుని భీష్మించుకుని కూర్చుంటుంది. సగంమంది వెనక్కి తెచ్చి నా మొహాన పడేస్తున్నారు."

మేస్త్రి మొహం చేటంత అయింది. "నాలాంటిదే ఇంకొకటి పుట్టిందన్నమాట! అదే కట్టు. ఎర్తు అడగని పెట్టె మా అక్క ఇంట్లో పెడతానా?"

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాడు. మీటరు బోర్డు దగ్గర్నుంచి విడిగా లావుపాటి వైరు లాగాడు. గోడ వెంట పైపు వేశాడు, వంపు దగ్గర వేడి చేసి ఒంచాడు. కరెంటు ఎక్కడైనా కారితే రెప్పపాటులో ఆపేసే స్విచ్చొకటి పెట్టాడు. నాలుగు బెజ్జాలు వేసి, నీటిమట్టం గొట్టం ఆనించి చూసి, పెట్టెని వెంట్రుకవాసి తేడా రాకుండా బిగించాడు. మోకాళ్లు నొప్పులని రోజూ మూలిగే మనిషి ఆ పూట ఒక్కసారి కూడా కూర్చోలేదు.

మేనకోడలు కంపెనీ కాగితం చూస్తూ, "దీనికి వేరే ఎర్తు గుంత తవ్వాలని రాశారే మావయ్యా," అంది.

"అది గుంత లేని ఇళ్లకి తల్లీ. మనకి పెరట్లో ఉందిగా. మీ అమ్మ ఇరవై ఆరేళ్లుగా దానికి నీళ్లు తాగిస్తోంది. ఊళ్లో ఏ ఇంటి ఎర్తుకీ ఇంత వైభోగం లేదు."

నిజమే. నేల తడిగా ఉంటేనే ఎర్తు బాగా పనిచేస్తుందని ఇంట్లో చేరిన మొదటివారమే తమ్ముడు చెప్పాడని, అక్క ఆదివారం ఆదివారం ఆ గుంత మూత తీసి చెంబెడు నీళ్లు పోస్తుంది. మొక్కకి పోయడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ, దానికి పోయడం మరిచిపోలేదు.

మేనకోడలు కేబులు తెచ్చి కారుకి తగిలించింది. పెట్టె మీద నీలం లైటు మూడుసార్లు కొట్టుకుంది. తర్వాత ఎర్రగా వెలిగి అలా ఉండిపోయింది.

ఆమె ఫోనులో చూసి పకపకా నవ్వింది. "ఎర్తు లేదంటోంది మావయ్యా! ఎర్తు మేస్త్రి కట్టిన ఇంట్లో ఎర్తు లేదట!"

ఆయన కూడా నవ్వాడు. "కొత్త పెళ్లికూతురు, నఖరాలు పోతోంది. ఉండు." స్క్రూలన్నీ మళ్లీ బిగించాడు. ఎర్రలైటు. ఆపి, మళ్లీ వేశాడు. ఎర్రలైటు. మేనకోడలికి టైమైపోయింది. "సాయంత్రం చూద్దాంలే, నువ్వు ఏమైనా తిను ముందు," అని బ్యాగు తగిలించుకుని బస్సుకి పరిగెత్తింది.

మేస్త్రి సంచిలోంచి టెస్టు ల్యాంపు తీశాడు. హోల్డరులో బల్బు, దానికి రెండు వైర్లు, అంతే. ఆయన జీవితమంతా నమ్మిన వస్తువు అదొక్కటే. ఫేజుకీ న్యూట్రలుకీ ఆనిస్తే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకీ ఎర్తుకీ ఆనించాడు. ఎర్తుంటే ఇక్కడా వెలగాలి. వెలగలేదు. బల్బు మార్చాడు. ఒక నిమిషం కిందట వెలిగిన బల్బుని ఎందుకు మార్చాడో అడక్కండి. రెండోదీ వెలగలేదు.

పెరట్లోకి నడిచాడు. గోడవారన సిమెంటు మూత. దాని మీద పచ్చిసిమెంటులో మేకుతో ఆయనే రాసిన 'ఎ' అక్షరం, అక్క నీళ్లకి నాచుపట్టి ఉంది. మూత ఎత్తాడు. నల్లటి తడిమట్టి. అందులోంచి పైకి రావలసిన పైపు లేదు. చుట్టూ మట్టి జారి పైపుని కప్పేసిందేమోనని గునపంతో పొడిచాడు. జానెడు లోతున గునపం ఖణేల్మంది, చేతులు అదిరాయి.

ఆ అదురు ఆయన చేతులకి తెలిసినదే. ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది.

ఇరవై ఆరేళ్ల కిందటి ఎండాకాలం. నేల రాయిలా ఉంది. ఎర్తుకి మనిషి లోతు గుంత తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ కూరాలి. జానెడు తవ్వేసరికి కూలివాడు గునపం పారేసి వెళ్లిపోయాడు. ఆ గురువారమే బావ ఇల్లు మారాలి, అద్దెయింటివాడు సామాను వీధిలో పెడతానంటున్నాడు. నాలుగు వానలు పడి నేల మెత్తబడ్డాక తవ్వుదాంలే అనుకున్నాడు మేస్త్రి. గోడలోంచి దింపిన ఎర్తు వైరుని చుట్టచుట్టి ఇటుకల సందులో దోపాడు. బావ చూస్తే పేచీ పెడతాడని, జానెడు గుంత చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి, మూత వేశాడు. బావ వచ్చి, "ఎర్తు పెట్టావుటోయ్ బావమరిదీ?" అని అడిగాడు. "పెట్టాను బావా. వారానికోసారి నీళ్లు పోయించు, చాలు," అన్నాడు. వానలు పడ్డాయి. తాపీవాడు గోడకి పూత పూశాడు. పెరట్లో రాళ్లు పరిచారు. ఈయనకి పక్క వీధిలో పెద్ద పని తగిలింది.

మరిచిపోయాడు. కావాలని దాచిపెట్టి ఉంటే అంత భయం వేసేది కాదేమో. నిజంగానే మరిచిపోయాడు, ఆ మూతని చూసి తనే నమ్మాడు. ఆ తర్వాత కనబడ్డ ప్రతివాణ్ణీ "మీ ఇంట్లో ఎర్తు ఉందా?" అని అడుగుతూ పేరు తెచ్చుకున్నాడు. అడగవలసిన ఇల్లు ఒక్కటే, అక్కడ ఒక్కసారీ అడగలేదు.

ఉలి తీసుకుని గోడ పూత ఊడగొట్టాడు. చుట్ట అక్కడే ఉంది. రెండు బారల రాగివైరు, చిలుం పట్టి పచ్చబడింది. కొన దేనికీ తగలకుండా గాల్లో ఉంది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ బుర్ర ఆగుతుందా?

బావ పోవడానికి రెండ్రోజుల ముందు ఫోను చేశాడు. "ఏమోయ్, స్నానాల గదిలో కుళాయి పట్టుకుంటే కాస్త ఎర్తు వస్తోందోయ్. వీలుచూసుకుని రా." మేస్త్రి ఫ్యాక్టరీ పనిలో ఊపిరాడకుండా ఉన్నాడు. "ఎర్తు రావడం ఏంటి బావా, నీకూ పాఠం చెప్పాలా? మన ఇంట్లో ఎర్తు దివ్యంగా ఉంది. నీ చేతులే చలికి తిమ్మిరెక్కి ఉంటాయి. అంత భయమైతే రబ్బరు చెప్పులు వేసుకుని స్నానం చెయ్యి," అని నవ్వాడు. బావ కూడా నవ్వాడు. పోయిన రోజు పొద్దున ఆ రబ్బరు చెప్పులు స్నానాల గది గుమ్మం బయట వరసగా విడిచి ఉన్నాయి. తలుపు పగలగొట్టేవేళకి వీధిలో కరెంటు పోయింది, అందుకే పట్టుకుని లేవదీసినవాళ్లకి ఏమీ కాలేదు. వారం తర్వాత గీజరు వేడెక్కడం లేదని అక్క అంటే, మేస్త్రే దించాడు. లోపల నీళ్లు వేడిచేసే చువ్వ పగిలి ఉంది. చువ్వ పగిలితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. ఎర్తుంటే ఫ్యూజు ఎగిరిపోతుంది, మనిషి బతికిపోతాడు. ఇది ఊరందరికీ చెప్పే పాఠమే. ఆ రోజు ఆ ఆలోచన గుమ్మం దాకా వచ్చింది, ఆయన తలుపు తియ్యలేదు. మన ఇంట్లో ఎర్తుందిగా అనుకుని, పాత గీజరు ఇనపసామాన్లవాడికి వేసి, కొత్తది బిగించాడు.

గుండే కావచ్చు. కాకపోనూ వచ్చు. ఇంక అది తేల్చేవాళ్లు ఈ భూమ్మీద లేరు. తేలకుండా చచ్చేదాకా మొయ్యాలి.

"ఏంట్రా అలా కూలబడ్డావ్?" అక్క వెనక నిలబడి ఉంది. చేతిలో చెంబు. "పెట్టె ఎర్తు లేదందని అమ్మాయి ఫోను చేసింది. నిన్ననే పోశాను గదరా. చాల్లేదా? ఇంకో చెంబు పొయ్యనా?"

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో నోరు తనంతట తనే దారి వెతుక్కుంది. "అదే అయ్యుంటుందక్కా. తడి చాల్లేదు. మట్టి ఎండితే ఎర్తు పనిచెయ్యదు."

"ఎండితే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. పెట్టె ఎర్రలైటు వేస్తుంది."

"పెట్టె మాట కాదురా. మనుషులకి?"

నిచ్చెన మీద నుంచి పాతికేళ్లు చెప్పిన పాఠం. మేస్త్రి మూత మీది నాచుని గోటితో గీకాడు.

అక్క గట్టు మీద మెల్లగా కూర్చుంది. "మీ బావ పోయిన చలికాలం నాకు కాలు విరిగింది, గుర్తుందా? నెలన్నర పెరట్లోకి రాలేదు. నీళ్లు పొయ్యమని ఆయనకి చెప్పేదాన్ని, మరిచిపోయేవారు. ఆ వారం స్నానాల గదిలో ఎర్తు వస్తోందని నాతో కూడా అన్నారురా. నేను..." చెంబు పక్కన పెట్టింది. "ఒరేయ్, నిజం చెప్పు. నేను నీళ్లు పొయ్యకపోవడం వల్లేనా?"

మేస్త్రి ఆమె కాళ్ల దగ్గర, ఆ మట్టిలోనే మోకాళ్ల మీద వంగాడు. "నీ వల్ల కాదక్కా. నీ వల్ల కానే కాదు. ఇక్కడ ఎర్తు లేదు. ఎప్పుడూ లేదు. నేనే పెట్టలేదు. ఇది ఉత్త మూత."

ఆమె గుంతలోకి చూసింది. గోడలోంచి వేలాడుతున్న పచ్చటి వైరుని చూసింది. తిడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఏదో లెక్క అర్థంకాని చిన్నపిల్లలా అడిగింది.

"మరి ఇన్నేళ్లూ నా చేత నీళ్లెందుకు పోయించావురా?"