కారులో రొయ్యలు

ఇసికెలికి రెండు జబ్బులు. ఏ తీగ చేతికి దొరికినా పళ్ళతో తొడుగు లాగేస్తాడు. ముందు పన్ను గాటు పడింది అందుకే. రెండోది నోటి దురద. మొదటి జబ్బుతో బతికాడు, రెండోదానితోనే చెడ్డాడు.

సవుసవు ఊరు దాటి తీరం వెంట పోయే మట్టిరోడ్డు మీద, పాత కార్లకు కరెంటు రోగం వస్తే చూసేవాడు అతనొక్కడే. కుర్రతనంలో కొబ్బరి మోసే ఓడలో జనరేటరు దగ్గర పని నేర్చాడు. తర్వాత లంబాసాలో ఒక ముసలి మెకానిక్కు చేత తిట్లు తిని మిగతాది నేర్చాడు. పనిముట్లంటారా, పాత ట్యాక్సీ బల్బుకి రెండు తీగలు కట్టుకున్న పరీక్ష దీపం ఒకటి, ఎవరో ఇచ్చిన మీటరు ఒకటి. మీటరు కంటే దీపాన్నే నమ్మేవాడు. ఉప్పుగాలికి టేపు ఊడిపోతుందని, వేసిన ప్రతి అతుకు మీదా చేపల గాలానికి వాడే నీలం దారం చుట్టి ముడి వేసేవాడు. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ అలా వెయ్యరు.

ఎమోసి అతనికి మేనత్త కొడుకు, బావ. మా దీవుల్లో బావలు ఒకణ్ణొకడు ఎంత మాటైనా అనవచ్చు. అన్నవాడిది తప్పు కాదు, పడ్డవాడు మొహం ముడుచుకుంటే వాడిదే తప్పు. ఎమోసి కొబ్బరిచెట్టు మీంచి పడి కాలు కుంటిదైన నాటి నుంచి పొలం పని మానేసి, కొట్టు నడిపే అతెదా పెద్దమ్మ తెల్లకారు తోలేవాడు. బజారుకి చేమదుంపలు పట్టుకెళ్ళే ఆడవాళ్ళు, నొప్పులు పడే గర్భిణులు, అందరూ ఆ కారులోనే. స్టీరింగు ముందు కూర్చుంటే తన కుంటి కాలు ఎవరికీ కనబడదని ఎమోసి ఒకసారి అన్నాడు. అదీ నవ్వుతూనే.

పెద్ద వానలు వెలిసిన వారంలో ఆ కారు గుట్ట ఎక్కుతూ ఆగిపోయింది. చేపల బుట్టలతో ఉన్న ఆడవాళ్ళు ఎండలో నడిచారు, సరుకంతా కుళ్ళిపోయింది. ఆ రోజు ఎమోసి కారుని వాగులోంచి దాటించాడన్న మాట నిజమే. అందరూ దాటే చోటే దాటాడు పాపం, నెమ్మదిగానే.

సాయంత్రం కొట్టు ముందు చాప పరిచి, మత్తిచ్చే యంగోనా మొక్క వేళ్ళు దంచి నీళ్ళలో పిసికి, ఆ రసం పోసిన చిప్ప చేతులు మారుతుండగా ఇసికెలి నోరు ఊరుకోలేదు.

"మా బావ కారు తోలాడనుకున్నారా? పడవ తోలాడర్రా! రేపు ఫ్యూజుల పెట్టె విప్పానంటే రొయ్యలు దూకుతాయి చూడండి. మా ఆవిణ్ణి కొబ్బరిపాలు తీసి ఉంచమన్నా!"

అందరూ పడీ పడీ నవ్వారు. ఎమోసి కూడా నవ్వి, "పెద్ద రొయ్య నాకే బావా, తోలినవాణ్ణి నేను కదా!" అన్నాడు. కొట్టు అరుగు మీద పంచదార తూస్తున్న అతెదా పెద్దమ్మ మాత్రం నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఎమోసి దగ్గర కారు తాళాలు తీసేసుకుంది.

"వాడు ఊరికే అన్నాడు పెద్దమ్మా," అన్నాడు ఎమోసి.

"కరెంటు తెలిసినవాడు ఊరికే అంటాడా? నీళ్ళు దూరకపోతే ఆ మాట ఎందుకొస్తుంది?"

అంతే. ఎమోసి రోడ్డు పక్కన కొబ్బరాకుల నీడలో కుంటికాలు చాపుకుని కొబ్బరి బొండాలు అమ్ముకుంటూ కూర్చున్నాడు. ఇసికెలికి మనసులో గుచ్చుకుంది. కారు చూశాక పెద్దమ్మకి నచ్చజెప్పవచ్చులే అనుకున్నాడు.

ఎద్దులు కట్టి కారుని ఇసికెలి షెడ్డుకి లాక్కొచ్చారు. తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. ప్లగ్గుల్లో నిప్పురవ్వ బాగానే ఉంది. ఫ్యూజుల పెట్టె విప్పాడు. లోపల దుమ్ము తప్ప తడి జాడే లేదు. రొయ్యలూ లేవు, నీళ్ళూ లేవు. తాళం తిప్పినప్పుడు వెనక ట్యాంకులో పెట్రోలు పంపు 'గుయ్' మనాలి, అనడం లేదు. ట్యాంకు దగ్గర మీటరు పెడితే పన్నెండు వోల్టులు చూపించింది. దీపం పెడితే వెలగలేదు. అంటే మధ్యలో ఎక్కడో తీగ ఒక్క పోగు మీద వేలాడుతోందన్నమాట. మీటరుకి ఆ పోగు చాలు, పంపుకి చాలదు. ముందు నుంచి దీపంతో తడుముతూ వచ్చాడు. డ్రైవరు వైపు తలుపు గుమ్మం దాకా భగ్గున వెలిగింది, దాటాక చచ్చింది. తివాచీ ఎత్తాడు.

నీలం దారం.

పోయిన క్రిస్మస్‌కి పెద్దమ్మ కారు వెనక పాటల పెట్టె కావాలంటే, అందుబాటులో ఉన్న పంపు తీగ మీంచే కరెంటు లాగాడు. ఆ వేళ టంకం అయిపోయింది. మెలిపెట్టి, టేపు చుట్టి, దారం కట్టి, రేపు టంకం పెడదాంలే అనుకున్నాడు. ఆ రేపు రానేలేదు. రాగి పచ్చగా చివికి చేతిలో పొడైంది. తల కొట్టేసినట్టయింది ఇసికెలికి.

అప్పుడే పెద్దమ్మ వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది. "నీళ్ళేనా అబ్బాయ్?"

"ఊఁ," అన్నాడు.

ఆ ఊఁ ఎలా వచ్చిందో అతనికే తెలియదు. ఛీ, ఏం మనిషిని నేను అనుకున్నాడు. ఆవిడ వెళ్ళగానే పాడైన అతుకు కోసేసి, కొత్త తీగ వేసి టంకం పెట్టాడు. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ చప్పుడు విని ఎమోసి కుంటుకుంటూ వచ్చాడు, చేతిలో కొట్టిన బొండం.

"ఏం బావా, రొయ్యలు దొరికాయా? నా వాటా ఏదీ? ముందు ఇది తాగు, చెమటలు కక్కుతున్నావు."

ఇసికెలి తల ఎత్తకుండా బొండం తాగేశాడు. ఎమోసి కారు బానెట్టు తట్టి వెళ్ళిపోయాడు.

"నీ ముడి ఎవడు చూశాడయ్యా? తీసి సముద్రంలో పారెయ్," అంది ఇంట్లో భార్య వసితి.

"బావ చేతి బొండం తాగొచ్చానే. ఎలా పారెయ్యను?" అన్నాడతను.

పొద్దువాలాక అందరూ కొట్టు ముందు కూర్చున్నప్పుడు, పండక్కని దాచుకున్న యంగోనా వేళ్ళ కట్ట తెచ్చాడు. చాప అంచు నుంచి మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళి, తల దించుకుని, కట్టను ఎమోసి ముందు పెట్టాడు. దాని మీద ఆ పచ్చబడ్డ అతుకు, నీలం ముడితో సహా.

"కారు ఆపింది వాగు కాదు, నా చేతి పని. పెద్దమ్మతో అబద్ధం చెప్పాను. తప్పు నాది, క్షమించమని అడుగుతున్నాను."

ఎమోసి ఆ ముడిని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేను బొండం తెచ్చేసరికి నీకు తెలుసా?"

"తెలుసు."

ఎమోసి వేళ్ళ కట్ట మీద చెయ్యి వేశాడు. క్షమించమని అలా తెచ్చిన వేళ్ళని కాదనకూడదు, అది మా ఆచారం. అరచేతులు డొప్పలా పట్టి చప్పట్లు కొట్టాడు. "తీసుకున్నాను. ఇక ఆ మాట అయిపోయింది." పెద్దమ్మ లేచి వచ్చి, తాళాలు ఎమోసి ఒళ్ళో పెట్టింది.

ఇప్పుడు అంటాడు, ఏదో ఒకటి అంటాడు, చెడామడా అంటాడని ఇసికెలి తల దించుకునే ఎదురుచూశాడు.

"కారు బాగుచేశావు, సంతోషం ఇసికెలీ," అన్నాడు ఎమోసి. బావా అనలేదు.

మళ్ళీ తెల్లకారు రోజూ షెడ్డు ముందు నుంచి పోతోంది. ఎమోసి హారను కొట్టి చెయ్యి ఎత్తుతాడు, దారిలో అందరికీ ఎత్తినట్టే. మొన్న బండి షెడ్డు దగ్గర ఆగింది. ఇసికెలి చేతులు తుడుచుకుంటూ పరుగున వెళ్ళాడు.

"వెనక లైటు మసకగా ఉంది. వీలు చూసుకుని చూస్తావా?" అన్నాడు ఎమోసి మర్యాదగా, దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు.

ఇసికెలి బండి కింద దూరి, అతుకు విప్పి, టంకం పెట్టి, టేపు చుట్టి, నీలం దారం కట్టాడు. పని అయిపోయాక కూడా బయటికి రాలేదు. రోడ్డు మీద ఎమోసి ఎవరినో "బావా, నీ బుర్రలో ఉన్నది చేమదుంపే!" అంటూ పగలబడి నవ్వుతుంటే, వింటూ అక్కడే పడుకున్నాడు.