రెండింట్లో ఒకటే రాశాను

మా నాన్నది గుంటూరులో స్టీలు సామాన్ల కొట్టు. లారీలో సొట్ట పడి వచ్చిన బిందెను గోడవైపు తిప్పి నిలబెట్టడం నాకు అక్షరాలకంటే ముందు వచ్చిన విద్య. సొట్ట లేదని అబద్ధమాడకూడదు. అడిగితే చూపించాలి. అడగకముందే చూపించడం మాత్రం మా ఇంటావంటా లేదు. దీనికి పైమెట్టు కిటుకు ఒకటుంది. చిన్న గీత పడిన గిన్నెను మనమే పైకి తీసి, "ఇది వద్దులే అమ్మా, గీత పడింది" అన్నామంటే, ఇక మిగతా వాటిని ఆవిడ తిప్పి కూడా చూడదు.

ఈ చదువంతా మోసుకుని అమెరికాలోని పార్సిప్పనీ వచ్చాను. గ్రీన్‌కార్డు వచ్చేదాకా నాకు ఉద్యోగం చేసే వీల్లేదు. ఆ ఏళ్లన్నీ మా అపార్ట్‌మెంట్లలో సగంమందిని ఎయిర్‌పోర్టుకీ డాక్టర్ల దగ్గరికీ నా కార్లో ఊరికే తిప్పాను. కార్డు చేతికొచ్చిన నెలలోనే, ఇండియన్ గ్రోసరీ తలుపు మీద ఒక కాగితం కనపడింది. వృద్ధుల డే కేర్ సెంటర్‌కి వ్యాన్ డ్రైవర్ కావాలట. పొద్దున ఇళ్లకి వెళ్లి పెద్దవాళ్లను ఎక్కించుకు రావాలి, సాయంత్రం దింపాలి. పెళ్లయిన పన్నెండేళ్లకు, నా పేరున వచ్చే మొదటి ఉద్యోగం. అంత కావాలనిపించింది గనకే తెలివితేటలు వాడాను.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. గడిచిన మూడేళ్లలో జరిగిన యాక్సిడెంట్లన్నీ రాయాలి, తప్పు ఎవరిదైనా సరే. నాకు రెండున్నాయి. మొదటిది, ఎర్రదీపం దగ్గర ఆగి ఉంటే వెనకనించి ఒకడు వచ్చి గుద్దాడు. రెండోది రూట్ 46 మీద. పక్కదారిలోంచి హైవే ఎక్కుతున్న కారు నా కారును రాసుకుంటూ పోయింది. రెండింట్లోనూ తప్పు అవతలివాళ్లదేనని పోలీసులే రాసిచ్చారు.

మొదటిది వివరంగా రాసి, పెన్ను మూసేశాను. మా ఆయన భుజం మీదనించి చూశాడు.

"రెండోది?"

"ఒకటి చెప్పాక రెండోది ఎవరడుగుతారండీ?"

"వాళ్లే అడిగారు కదే, అన్నీ అని."

"మీకు బేరం తెలీదు. ఒకటి రాస్తే నిజాయితీ. రెండు రాస్తే డ్రైవింగ్ రాదనుకుంటారు."

"తప్పు నీది కానప్పుడు పది రాస్తే మాత్రం ఏమైంది?"

నాకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. అందుకని వంటింట్లోకి వెళ్లిపోయాను.

వారానికి సెంటర్ నుంచి రమ్మని ఫోన్ వస్తే వెళ్లాను. మేనేజరు తలనెరిసిన అమెరికన్. చాలాకాలం స్కూల్ బస్సు నడిపి, మోకాళ్లు అరిగిపోయి ఈ ఆఫీసు కుర్చీలోకి వచ్చానని తనే చెప్పింది. ఆమె ముందు రెండు కాగితాలున్నాయి, నేను రాసిన ఫారమూ, ప్రభుత్వం నుంచి తెప్పించిన నా డ్రైవింగ్ రికార్డూ. రికార్డులో రెండు యాక్సిడెంట్లూ తారీఖులతో సహా ఉన్నాయి.

"ఇది మర్చిపోయావా?" అని రెండోదాని మీద వేలుపెట్టింది.

మర్చిపోయానంటే అక్కడితో అయిపోయేదేమో. "తప్పు నాది కాదు," అన్నాను.

"తప్పు ఎవరిదని నేను అడగలేదు, హనీ. ఏం జరిగిందో చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాక గాని నాకే తెలియలేదు, ఆ రెండోదాన్ని ఎందుకు వదిలేశానో. ఆ కారు రావడం నేను చూశాను. ఆ డ్రైవరు తల తిప్పి నన్ను చూడలేదనీ చూశాను. నేను కాస్త నెమ్మదిస్తే వెళ్లిపోయేవాడు. కాని దారి నాది. చట్టప్రకారం హక్కు నాది. ఎదుటివాడు దిగి రాకుండా నేను దిగి రావడం నాకు ఏ బేరంలోనూ అలవాటు లేదు. అందుకని హారన్ మీద చెయ్యి పెట్టి అదే వేగంతో పోనిచ్చాను.

ఆమె అంతా విని కళ్లజోడు తీసింది. "యాక్సిడెంట్లకు నాకు భయం లేదు. నీ వ్యాన్‌లో ఎవరి అమ్మమ్మో కూర్చుంటుంది. నువ్వు గట్టిగా బ్రేకు వేస్తే ఆమె నుదురు ముందు సీటుకు తగులుతుంది. సాయంత్రానికి ఆమెకు అది గుర్తుండకపోవచ్చు. నాకు చెప్పడానికి నువ్వు తప్ప ఎవరుంటారు?"

సమాచారం దాచిన దరఖాస్తును ఆరు నెలలు పక్కన పెట్టాలని వాళ్ల నియమం. ఏదో సర్దుబాటు చేయమని అడగబోయాను. ఆమె ముఖం చూసి మానేశాను. ఉద్యోగం పోయింది.

పార్కింగ్‌లోకి వచ్చి కారెక్కాను. నేను అబద్ధం ఆడలేదని లోపల వాదించుకుంటూనే ఉన్నాను. బిందె కొనేవాడు తిప్పి చూసుకోగలడు. వ్యాన్ ఎక్కే ముసలమ్మకు తిప్పి చూడ్డానికి ఏముంది, నా ముఖం తప్ప?

ఆరు నెలల తర్వాత ఆ సెంటర్ నుంచే కొత్త ఫారం తెచ్చుకున్నాను. రెండూ రాసి, రెండోదాని కింద 'నెమ్మదించి ఉంటే జరిగేది కాదు' అని చేర్చాను.

"అది రాయమని ఎవరడిగారే?" అన్నాడు మా ఆయన.

"ఎవరూ అడగలేదు."

"అయితే జ్వరమేమన్నా ఉందా?" అని నా నుదురు పట్టుకు చూశాడు.

ఈసారి ఉద్యోగం వచ్చింది. మొదటి వారమే ఒక అపార్ట్‌మెంట్ ఆవరణలో వ్యాన్ తిప్పుతుంటే పక్క అద్దం దీపస్తంభానికి తగిలింది. వెనక సీట్లో తాతగారు నిద్రపోతున్నారు. ఎవరూ చూడలేదు. పైటచెంగుతో తుడిస్తే పోయే గీతలా ఉంది, కాని ఆరోజు నేను ప్యాంటులో ఉన్నాను. బండి ఆపి మేనేజరుకు ఫోన్ చేశాను.

అద్దం సంగతి చెప్పాను, తాతగారు క్షేమమన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. "స్తంభం కూడా కొంచెం ఇవతలికే ఒరిగి ఉందండీ," అన్నాను.

అవతల నవ్వు వినపడింది. "ఫోటో తీసుకుని వచ్చెయ్. స్తంభం వాంగ్మూలం తర్వాత తీసుకుందాం."